మార్చి ట్రిప్పులో పడవ లేదు

సూళ్లూరుపేట నుంచి మనం నడిపే రెండు రోజుల పులికాట్ ట్రిప్పుకి మార్చికి డబ్బు కట్టినవాళ్లకు ఒక మాట. భీములవారిపాళెం పడవ షికారు తీసేశాను. మిగతాదంతా ఎప్పటిలాగే.

పడవ దొరక్క కాదు. ఆరేళ్లుగా మనకు పడవ నడిపే అన్నతో ఒప్పందం ఒక్కటే: గెడకర్రతో నెట్టే పడవే తేవాలి, రాజహంసలకు (ఫ్లెమింగోలకు) దూరంగా ఆపాలి. పోయిన నెల ఇంజిన్ పడవ తెచ్చాడు, గెడ వేసే కుర్రాడు రాలేదట. వెనక్కి పంపాల్సింది. గట్టు మీద పన్నెండు మంది ఎదురుచూస్తుంటే మొహమాటపడి ఎక్కించేశాను. సగం దూరం పోయాక ఒకాయన "ఎగిరితే వీడియో బాగా వస్తుంది" అన్నారు. అన్న నా వైపైనా చూడకుండా నేరుగా గుంపు మీదికి పోనిచ్చాడు. తలలు నీళ్లలో తలకిందులుగా ముంచి మేస్తున్నాయవి. ఉన్నచోటు నుంచి చటుక్కున లేవలేవు. నీళ్ల మీద తపతపా పరుగెత్తి, మెడ చాచి, అప్పుడు గాల్లోకి లేస్తాయి. రెక్కలు విప్పితే గులాబీ రంగు, అంచున నలుపు. పడవంతా చప్పట్లు. "ఏందన్నా ఇది?" అంటే "ఏం కాదులే సామీ, మళ్లా వాల్తాయి" అన్నాడు. వాలాయి, చూపు ఆనని దూరంలో.

ఆ ఫోటో మన పేజీలో పెట్టింది నేనే. నాలుగు రోజులు లైకులు చూసి మురిసి, తర్వాత తీసేశాను.

వేరే పడవ మాట్లాడొచ్చు కదా అన్నారు ఇంట్లో. రెండు వారాలు అదే ఆలోచన. వానల్లో నా వ్యాను బురదలో దిగబడితే ట్రాక్టరు తెచ్చి లాగించిన మనిషిని ఒక్క తప్పుకి మార్చేయనా? మార్చినా, ఎక్కించింది నేనే కదా! అందుకే పడవే మానేశాను. ఆయనకు ఫోన్ చేసి చెప్తే "సరే" అని పెట్టేశాడు.

"పడవ లేకుంటే పులికాట్ ఎందుకు?" అని ముగ్గురు డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఇచ్చాను. ఇన్నేళ్లూ పక్షుల్ని చూపించిన నన్ను పడవలవాడి కింద లెక్కేశారని మాత్రం మనసులో ఉంది, దాచను.

పడవ తాలూకు 350 రూపాయలు అందరికీ తిరిగిస్తాను. రాజహంసల్ని శ్రీహరికోట రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర టెలిస్కోపులో చూద్దాం. దగ్గరగా ఉంటాయని మాటివ్వను. నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) ఎలాగూ ఉంటాయి. పడవ లేక మిగిలే రెండు గంటలూ తూపిలిపాళెం ఇసుక దిబ్బల మీద. బాలబంధి తీగ చూడండి, ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. ఊదారంగు పువ్వు పొద్దున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, కాబట్టి ఐదింటికల్లా వ్యాను కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు. రావణాసురుడి మీసాలనే ఇసుక గడ్డి కంకులు బంతుల్లా గాలికి దొర్లుతుంటాయి. పిల్లలకు చెప్పులు వేయండి, గుచ్చుకుంటాయి.

గెడ వేసే మనిషి దొరికితే డిసెంబరులో పడవ సంగతి చూద్దాం. ఇంజిన్ పడవ మాత్రం ఎక్కించను. రానివాళ్లు శుక్రవారంలోపు చెప్పండి, చిన్న వ్యాను మాట్లాడుకుంటాను.