శీనుగాడికి, బుధవారం ప్రెజెంటేషన్ గురించి

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నాలుగు నిమిషాల్లో టెన్షన్ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో మధ్యలోనే లెక్క వదిలేశాను. మీ పెద్దసార్ల ముందు ఆన్‌లైన్‌లో స్లైడ్లు చూపించాలి, అంతేగా? మాట్లాడటం నీకు నేర్పక్కర్లేదు, కాలేజీలో మైకు చేతికొస్తే లాక్కోవాల్సి వచ్చేది. గొడవంతా ఎక్కడంటే, మనకి కనిపించేదే వాళ్ళకీ కనిపిస్తోందనుకుంటాం చూడు, అక్కడ.

పోయిన వేసవిలో మా ఆఫీసు లెక్కలు నేను చూపించాల్సి వచ్చింది. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. షేర్ నొక్కి, పవర్‌పాయింట్ విండో ఎంచుకుని, ఎఫ్5 కొట్టాను. స్క్రీన్ నిండా స్లైడ్ వచ్చింది, ఇంకేం, దంచేస్తున్నాను. ఆరో స్లైడ్ మీదుండగా ఒకావిడ మెల్లగా, "సార్, మాకింకా మొదటిదే కనబడుతోందండి, పక్కన చిన్న చిన్న బొమ్మలతో" అంది. ఏమైందంటే, స్లైడ్ షో కొత్త విండోలో తెరుచుకుంది, నేను షేర్ చేసిందేమో ఎడిట్ చేసుకునే పాత విండో. గాభరాలో మొత్తం స్క్రీన్ షేర్ చేసేశాను. సరిగ్గా అప్పుడే మూలనుంచి మా ఆవిడ వాట్సాప్ మెసేజ్ పైకొచ్చింది: "ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే వంజరం తెండి, మొన్నట్లా మెత్తబడిపోయింది వద్దు." మా మేనేజరు ఇప్పటికీ ఎదురుపడితే వంజరం దొరికిందా అంటాడు.

అందుకని ముందు స్లైడ్ షో తెరువు, ఆ తర్వాతే షేర్‌కి వెళ్ళి ఆ విండోనే ఎంచుకో. నీకున్నది ఒక్క ల్యాప్‌టాప్ స్క్రీనే కదా, సెటప్ స్లైడ్ షోలోకి వెళ్ళి 'బ్రౌజ్డ్ బై యాన్ ఇండివిడ్యువల్' పెట్టుకుంటే షో మామూలు విండోలాగే వస్తుంది, పక్కన వాళ్ళ మొహాలు కూడా చూసుకోవచ్చు. వాట్సాప్ వెబ్ మాత్రం మూసెయ్. మ్యూట్ కాదు, మూసెయ్.

ఇంకోటి, దీన్ని మాత్రం వదలకు. నీ ఫోన్‌తో అదే మీటింగ్‌లో ఇంకో మనిషిలా చేరు, ఫోన్ మైకూ స్పీకరూ ఆపేసి, లేకపోతే కుయ్యిమని చెవులు చిల్లులు పడతాయి. నువ్వు పంపిన ఫైలు నేను ఫోన్లోనే తెరిచాను. తొమ్మిదో స్లైడ్‌లో లారీ కిరాయిల పట్టిక ఉంది చూడు, పద్నాలుగు నిలువు వరసలు, బాబూ అది పట్టిక కాదు, చీమల బారు. కళ్ళజోడు పెట్టుకుని కూడా మార్చి ఏదో ఏప్రిల్ ఏదో పోల్చుకోలేకపోయాను. మీ సార్లలో సగం మంది కార్లో కూర్చుని ఫోన్లో చూస్తారు. డీజిల్ ఖర్చు ఏ నెలలో ఎగిరిందో ఆ ఒక్క అంకె పెద్దగా వెయ్, మిగతాదంతా పీడీఎఫ్ చేసి ముందే మెయిల్లో పంపెయ్.

అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చే ఆ యానిమేషన్లు కూడా తీసెయ్. మనకి బానే ఉంటాయి, నెట్ కొంచెం తక్కువున్నవాళ్ళకి కుక్కి నులకమంచం కదిలినట్టు ఆగి ఆగి వస్తాయి. స్లైడ్ మార్చాక ఒక్క ఊపిరి ఆగు, వాళ్ళకి చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది.

"అందరికీ అర్థమైందా అండీ?" అని అడక్కు. అవతల నిశ్శబ్దం, నీకు గుండె దడ. "రావుగారూ, ఈ ఏప్రిల్ లెక్క మీ డిపోలో కూడా ఇలాగే ఉందా?" అని పేరు పెట్టి అడిగితే ఆయన మైకు ఆన్ చేసి తీరాలి. చర్చ మొదలైతే కీబోర్డులో బీ నొక్కు, షో మామూలుగా ఫుల్ స్క్రీన్‌లో ఉంటే స్లైడ్ పోయి నల్లగా అయిపోతుంది, అందరి చూపూ మాట మీదకొస్తుంది. మళ్ళీ నొక్కితే స్లైడ్ వెనక్కి వస్తుంది. ఎవరైనా పాత స్లైడ్ చూపించమంటే వెనక్కి వెనక్కి నొక్కుతూ పోకు, ఫుల్ స్క్రీన్‌లో ఉంటే దాని నంబర్ కొట్టి ఎంటర్ నొక్కు చాలు.

బాల్కనీ నీ వెనకుండేలా కూర్చోకు, మొహం నల్లగా నీడలా పడుతుంది. దానికి ఎదురుగా కూర్చో. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఉందా? 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను చూశాక కరెంటు మీద నాకు నమ్మకం పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ ల్యాప్‌టాప్‌కి ఒకసారి కలిపి చూసి ఉంచుకుంటాను. నువ్వూ అదే చెయ్యి.

సరే, సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి లింక్ పంపు. పిల్లలు పడుకుంటారు, ఫోన్లో నేను చేరతాను, మీ పెద్దసార్లా మొహం పెట్టుకుని కూర్చుంటాను. తొమ్మిదో స్లైడ్ మాత్రం అప్పటికి మార్చి ఉంచు. ఈసారి వైజాగ్ వచ్చినప్పుడు ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ నీ ఖర్చే.

నీ
బాబ్జీ