మైపాడు రోడ్డు లేత్ అన్నకు, మిగతా అందరికీ

పొద్దున 5 గంటల 40 నిమిషాలకు నేను ఇంట్లో కట్టుకుంటున్న కారు ఇంజన్ స్టార్ట్ అయ్యింది. ఇప్పుడు తొమ్మిది దాటింది. స్కూలుకి సెలవు పెట్టేశాను. పడుకుందామంటే నిద్ర రావడం లేదు. రెండు రాత్రుల నుంచి కన్ను మూయలేదు కాబట్టి ఎక్కడైనా తప్పులుంటే మన్నించండి. కానీ సాయం చేసినవాళ్లకు ఈ థ్యాంక్స్ ఈరోజే రాయాలి. రేపటికి మళ్లీ పాఠాలు, పేపర్లు దిద్దడం మొదలవుతుంది.

నా కారు సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1957లో బ్రిటన్‌లో లోటస్ కంపెనీ సెవెన్ అనే చిన్న రెండు సీట్ల కారు తెచ్చింది. తయారైన కారు కొంటే అప్పట్లో అక్కడ పన్ను ఎక్కువ. అందుకని చాలామంది దాన్ని విడిభాగాలుగా కొని ఇంట్లోనే కట్టుకునేవాళ్లు. 1973 నుంచి దాన్ని కేటర్‌హామ్ అనే కంపెనీ వాళ్లు చేస్తున్నారు. ఆ నమూనాలో మన దేశంలోనూ అక్కడక్కడా ఒకరిద్దరు ఫ్రేములు చేసి ఇస్తారు. నేను కోయంబత్తూరు వైపు ఒక చిన్న వర్క్‌షాపులో చేయించుకున్నాను. పైపుల ఫ్రేము, ఫైబర్ బాడీ, సస్పెన్షన్ చేతులు వాళ్లిస్తారు. ఇంజన్, గేర్‌బాక్సు, వైరింగు మన తిప్పలు. నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడేళ్లుగా జరుగుతున్నది ఇదే.

ఇంజన్‌గా మారుతి ఎస్టీమ్‌ది ఎంచుకున్నాను. 1298 సీసీ, పదహారు వాల్వులు, ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండరుకీ విడిగా పెట్రోలు చల్లే పద్ధతి). అల్యూమినియం బ్లాకు కాబట్టి తేలిక, ఇంత చిన్న ఫ్రేముకి అదే ముఖ్యం. ఎస్టీమ్‌లో అది అడ్డంగా ఉండి ముందు చక్రాలు తిప్పుతుంది. నాకు నిలువుగా ఉండి వెనక చక్రాలు తిప్పాలి. అందుకే జిప్సీ గేర్‌బాక్సు. రెండూ ఒకే కుటుంబం ఇంజన్లు కాబట్టి ఆ జోడీ కుదురుతుంది.

పాత బండ్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేటకు నాలుగు ఆదివారాలు తిరిగాను. మొదట చూసిన ఇంజన్‌కి ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ రంగు, అంటే నీళ్లు కలిశాయి. రెండోదానికి ఇంజన్ నంబరు ఆకురాయితో రుద్దిన గుర్తులు. మూడోది బాగానే ఉంది గానీ కాగితం లేదు. బండి తుక్కుకి పోతే యజమాని 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలని చట్టంలో ఉంది. చేసేవాళ్లు ఎంతమంది? ఆ ఒక్క కాగితం లేనందుకు మంచి ఇంజన్ వదులుకొని వచ్చాను. నాలుగోదానికి రిజిస్ట్రేషన్ రద్దు కాపీ, నంబరుతో బిల్లు, వైరింగు, ఇంజన్ కంప్యూటరు అన్నీ దొరికాయి. తెచ్చేటప్పుడు దారిలో ఒకచోట మూడు గంటలు ఆపారు. అన్ని కాగితాలూ చూపించినా "ఇంజన్ ఒక్కటే ఎందుకు, బండేదీ?" అనే ప్రశ్నే. దాని గురించి తర్వాత చెబుతాను.

గురువారం రాత్రి ఇంజన్‌కి గేర్‌బాక్సు కలపబోయాం. అంతా సరిగ్గా వెళ్లినట్టే వెళ్లి చివర్లో వేలు మందం సందు మిగిలిపోయింది. క్లచ్ ప్లేటు సెంటరు తప్పిందేమోనని విప్పి మళ్లీ బిగించాం. అదే సందు. అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. నాలుగు బోల్టులు ఎక్కించి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం తిప్పుతూ గేర్‌బాక్సుని దగ్గరికి లాగాను. మూడో బోల్టు దగ్గర ఎండు కొమ్మ విరిగిన చప్పుడైంది. బెల్ హౌసింగ్, అంటే ఇంజన్‌కి ఆనే గేర్‌బాక్సు ముందు డొప్ప, దాని బోల్టు చెవి విరిగింది. విరిగిన చోట అల్యూమినియం చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. జిప్సీ మామూలు జనానికి అమ్మడం 2019లోనే ఆగిపోయింది. ఇంకో మంచి గేర్‌బాక్సు దొరకడం గగనం, దొరికినా కొనే డబ్బు నా దగ్గర లేదు. ఆ రాత్రి షెడ్డులోనే కూర్చుండిపోయాను.

శుక్రవారం స్కూలు అయ్యాక ఆటోనగర్ అంతా తిరిగాను. అందరూ ఒకటే మాట, "ఎందుకు సార్ మీకు ఇదంతా?" తప్పుపట్టడం లేదు. కానీ మూడేళ్లుగా ఎవరి దగ్గరికి పోయినా మొదటి మాట అదే అయితే మనిషి లోపల ఎక్కడో అలిసిపోతాడు. చివరికి ఒక టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు, మైపాడు గేటు దాటి పోతే రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే లేత్ షాపు ఉంది, ఆయన్ని అడిగి చూడమని.

శనివారం సాయంత్రం ఏడున్నరకు ఆటోలో గేర్‌బాక్సు వేసుకొని పోయాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్. బయట నలుగురు రైతులు ఏరేటర్ షాఫ్టులు పట్టుకొని నిలబడి ఉన్నారు. రాత్రిపూట ఏరేటర్ ఆగితే గుంటలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. వాళ్లవి లక్షల పంటలు. నాది సరదా పని. నోరు రాలేదు. ఆటో తిప్పమని చెప్పబోతుండగా ఆయనే లోపల నుంచి కేకేశాడు, "ఆటోలో ఏముండాది అబ్బయ్యా?"

అరవై ఏళ్లుంటాయి. తెల్ల బనియను, మోకాళ్ల పైకి మడిచిన లుంగీ, భుజం మీద తువ్వాలు. ఆటోలోకి వంగి, విరిగిన చెవి మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. తర్వాత ఇంజన్ వైపు పోయే ఇన్‌పుట్ షాఫ్టు ముక్కు చూశాడు. ఎందుకు అని అడగలేదు. "ఈ ముక్కు పోయి యాడ కూర్చుంటాది?" అని అడిగాడు. మూడేళ్లలో నన్ను అలాంటి ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

"చెవి చిన్న పని. లోపలికి యెందుకు పోలేదో అది ముందు తేలాల. ఇంకెప్పుడూ బోల్టుతో లాగబాక" అన్నాడు. ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే అబ్బాయికి అక్కడే ఫోన్ చేశాడు. ఆ అబ్బాయి అప్పటికే షట్టరు దించేసినా ఈయన మాట మీద మళ్లీ తీశాడు. చెవిని వేడి చేసి, లోపల పీల్చుకున్న నూనె అంతా కక్కించి, నిదానంగా అతికించాడు. నేను తిరిగి లేత్ షాపుకి వచ్చేసరికి పది దాటింది. ఆయన చివరి షాఫ్టు తిప్పుతున్నాడు. రైతు వెళ్లిపోయాక చేతులు తుడుచుకొని, "పద, ఇంజన్ చూద్దాం" అన్నాడు. అన్నం తిన్నావా అన్నా అని అడిగితే తర్వాత అన్నాడు.

నాతోపాటు ఆ ఆటోలోనే వేదాయపాళెం వచ్చాడు. క్లచ్ విప్పించాడు. టార్చి వేసి ఇంజన్ వెనకుండే ఫ్లైవీలు (బరువు చక్రం) మధ్య చిల్లులోకి చూసి నన్నూ చూడమన్నాడు. షాఫ్టు ముక్కు కూర్చునే ఆ చోట బేరింగు ఉండాలి. ఎవరో ఎప్పుడో అది తీసేసి ఇత్తడి బుష్, అంటే బోలు గొట్టం లాంటి ముక్క, కొట్టి పెట్టారు. వెర్నియర్ పెట్టి కొలిస్తే దాని లోపలి సైజు షాఫ్టు ముక్కు కంటే అర మిల్లీమీటరు కూడా కాదు, అంతకంటే తక్కువ తేడాతో చిన్నది. ఆ కాస్త కోసం నేను నా గేర్‌బాక్సుని విరగ్గొట్టుకున్నాను.

గేర్‌బాక్సుతో సహా మళ్లీ ఆటోలో లేత్ షాపుకి పోయాం. అర్ధరాత్రి లైటు వేసి, పాత బుష్‌లోకి బిగువుగా పోయేటట్టు ఒక ఇనుప కడ్డీ తిప్పాడు. తర్వాత గన్‌మెటల్ (ఒక రకం కంచు) ముక్క లేత్‌కి పట్టించి కొత్త బుష్ చేశాడు. నా దగ్గరున్న షాఫ్టు ముక్కు కొలత ప్రకారం కొద్దికొద్దిగా కోస్తూ, ప్రతిసారీ ఆపి కొలిచాడు. చివరి కోత అయ్యాక బుష్‌ని షాఫ్టు ముక్కుకి తొడిగి, అవతలి చివర బొటనవేలితో మూసి లాగాడు. సన్నగా "టప్" మని గాలి చప్పుడు. ఇంకోసారి లాగి నా చెవి దగ్గర పెట్టాడు. "ఇదీ కొలత" అన్నాడు.

మళ్లీ ఇంటికి. పాత బుష్ గుడ్డి చిల్లులో ఉంది, వెనక నుంచి కొట్టడానికి దారి లేదు. నేను ఉలితో చీల్చాలేమో అనుకున్నాను. ఆయన చిల్లు నిండా గ్రీజు కూరి, ఆ కడ్డీ మూతి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. గ్రీజు వెనక నుంచి నెట్టడంతో బుష్ దానంతట అదే ముందుకు పాకి వచ్చింది. ఇంకాస్త గ్రీజు కూరాడు, ఇంకో నాలుగు దెబ్బలు. బుష్ నా అరచేతిలో పడింది, వెచ్చగా ఉంది. ఎక్కడా గీత లేదు, దెబ్బ లేదు.

కొత్త బుష్ దించి, క్లచ్ ప్లేటు సెంటరు చేసి, గేర్‌బాక్సు ఎత్తాక బోల్టు ఒక్కటీ పెట్టనీయలేదు. ఇద్దరం రెండు చేతులతో పట్టుకొని కాస్త ఆడిస్తూ నెట్టాం. షాఫ్టు మీది పళ్లు (స్ప్లైన్లు) క్లచ్ ప్లేటులో పడే దగ్గర ఒకసారి ఆగింది. గేరులో వేసి వెనక ఫ్లాంజిని కొద్దిగా తిప్పమన్నాడు. జారుతూ పోయి టక్కున ఆనింది. చుట్టూ గోరు దూరే సందు లేదు.

అప్పటికి రెండున్నర. ఎంత ఇవ్వాలన్నా అంటే గన్‌మెటల్ ముక్క 350 రూపాయలకు తెచ్చాను, అది ఇయ్యి చాలన్నాడు. కూలి సంగతి ఎత్తితే తల అడ్డంగా ఊపాడు. "చిన్నప్పుడు మద్రాసులో ఇంజన్ రీబోరు షాపులో పన్జేసినా. ఆ తర్వాత అన్నీ ఏరేటర్లే. ఇట్టాంటి పని చేతికొచ్చి చానా కాలమైంది అబ్బయ్యా" అన్నాడు. నేను కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంటున్నట్టు నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా ఆవిడ పెట్టిన పెరుగన్నం తినేలోపే ఆయనకి ఫోన్ వచ్చింది, ఎవరి గుంటలోనో ఏరేటర్ ఆగిపోయింది. సగం అన్నం తిని లేచి, దింపమన్నాడు. పోతూ పోతూ, "స్టార్ట్ అయినాక ఎంత పొద్దున్నయినా ఫోన్ చెయ్యి" అన్నాడు.

నిన్న పొద్దంతా ఇంజన్ ఫ్రేములోకి దించడమే సరిపోయింది. ఈ తెల్లవారుజామున ప్లగ్గులు తీసి, ఆయిల్ పైకెక్కేదాకా సెల్ఫ్ కొట్టి, మళ్లీ ప్లగ్గులు పెట్టాం. మూడోసారికి అందుకుంది. వణికే చేత్తో ఆయనకి ఫోన్ చేసి సైలెన్సర్ దగ్గర పెట్టాను. ఒక నిమిషం మాట లేదు. తర్వాత, "ఒకటి కొట్టడంలా, చూసుకో" అన్నాడు. చూస్తే మూడో ప్లగ్గు క్యాపు సరిగ్గా కూర్చోలేదు. నొక్కాను. శబ్దం ఒక్కసారిగా సర్దుకుంది. అవతల నుంచి "ఆఁ" అన్నాడు, అంతే, ఫోన్ పెట్టేశాడు.

అన్నా, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

వ్యవస్థ గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. ఈ కారు రోడ్డెక్కదు, నాకు తెలుసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కొత్త నమూనా అయితే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన కింద పూణేలోని ఏఆర్ఏఐ లాంటి బండ్ల పరీక్షా సంస్థలో పరీక్ష చేయించాలి. అది ఫ్యాక్టరీలకు రాసిన నిబంధన, ఒక్క కారు కట్టుకునే స్కూలు మాస్టారికి కాదు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టుకున్న ఒక్క కారునైనా తీసుకుపోతే ఐవీఏ అని విడిగా పరీక్ష చేస్తారు. బ్రేకులు, లైట్లు, స్టీరింగు, పొగ అన్నీ చూసి, పాసైతే రోడ్డు మీదికి వదులుతారు. నేనూ అదే అడుగుతున్నాను. పరీక్ష వద్దనడం లేదు. నాకూ పరీక్ష పెట్టండి అంటున్నాను. ఒక ఆఫీసులో నాలుగుసార్లు ఈ మాట అడిగితే నాలుగుసార్లూ "దానికి ఫారం లేదు" అన్నారు. దారిలో ఆపినవాళ్ల దగ్గరా ఫారం లేదు, అందుకే మూడు గంటలు. నేను దీన్ని ట్రక్కు మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకుకి తీసుకుపోయి నడుపుకుంటాను. కానీ రేపు నా స్టూడెంటు ఎవరైనా సొంతంగా బండి కడతానంటే ఏం చెప్పాలి?

మా ఆవిడ, అమ్మ, మా బావమరిది గురించి వేరే రాయక్కర్లేదు, వాళ్లు లేకుంటే షెడ్డే లేదు.

ఆర్గాన్ వెల్డింగ్ తమ్ముడికి థ్యాంక్స్, రాత్రి షట్టరు మళ్లీ తీసినందుకు. పుదుపేటలో వైరింగు ఒక్క తీగె కూడా కోయకుండా ఓపిగ్గా విప్పి ఇచ్చిన కుర్రాడికి కూడా. ఆటో అన్న మూడు గంటలు వెయిటింగు చార్జీ అడగలేదు, ముందే రాయాల్సింది. చైన్ పుల్లీ ఇచ్చిన ఎదురింటి బోరు మోటార్ల ఆయన. మా ఫిజిక్స్ మాస్టారు, ఈరోజు నా రెండు పీరియడ్లు తీసుకుంటున్నారు. తెల్లవారుజామున ఆ చప్పుడుకి లేచినా ఒక్క మాట అనని పక్కింటి పెద్దమ్మ గారు, మీకు ప్రత్యేకంగా.

అయ్యో, బ్యాటరీ! సెల్ఫ్ కొట్టడానికి పాల వ్యాను అబ్బాయి తన బ్యాటరీ విప్పి ఇచ్చాడు. సాయంత్రం ట్రిప్పుకి వ్యాను కావాలి, ఇంకా షెడ్డులోనే ఉంది. లేస్తున్నాను, ముందు అది ఇచ్చి రావాలి.