చివరి ప్రతిని తూకానికి వేయకండి

సంపాదకుల వారికి,

గోదావరి డెల్టాలోని శాఖా గ్రంథాలయాల్లో చోటు చాలడం లేదని పాత పుస్తకాలు ఏరి, కట్టలు కట్టి, కిలోల లెక్కన అమ్మేయడం మామూలైపోతోంది. పుస్తకాలు తీసేయడమే తప్పని మేము అనడం లేదు. మూడడుగుల అరలో పట్టేవి ముప్పై పుస్తకాలు. ఐదు అరల ర్యాకుకు నూట యాభై. పదివేల పుస్తకాలకు 67 ర్యాకులు కావాలి. అద్దె ఇంట్లో రెండు గదుల్లో నడిచే శాఖకు అది అయ్యే పని కాదు. మేడ మీద గది అయితే బరువు కూడా చూసుకోవాలి. ఇళ్ల శ్లాబును చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన వేస్తారు, పుస్తకాల ర్యాకులుండే గదికి భారతీయ ప్రమాణాల ప్రకారం 600 కిలోలు మోసే శ్లాబు ఉండాలి. కాబట్టి కొన్ని పుస్తకాలు వెళ్లక తప్పదు. మా బాధంతా అవి వెళ్తున్న తీరు గురించే.

ఏరేటప్పుడు ఎక్కువగా చూసేది పుస్తకం వెనక అంటించిన తేదీల చీటీని. ఐదేళ్లుగా ముద్ర పడకపోతే పక్కన పెట్టేస్తారు. కానీ నిఘంటువునో గెజిటీరునో (జిల్లా వివరాల గ్రంథం) ఎవరూ ఇంటికి పట్టుకెళ్లరు, బల్ల దగ్గరే చూసుకుని వెళ్తారు. ఆ చదువుకు ముద్ర పడదు. ఓ మూడు నెలలపాటు పుస్తకాలు బల్ల మీదే వదిలేయమని పాఠకులకు చెప్పి, సాయంత్రం సర్దేటప్పుడు చీటీ మీద పెన్సిలుతో ఒక గీత పెడితే అసలు సంగతి తెలుస్తుంది.

సంకోచం లేకుండా తీసేయదగినవి చాలానే ఉన్నాయి. సిలబస్ మారిపోయిన గ్రూప్స్ గైడ్లు, 13 జిల్లాల నాటి పటాలు, ఒకే నవలకు ఆరేడు ప్రతులు. గైడ్లూ పటాలూ బడులకు దానం ఇవ్వకండి, పిల్లలు తప్పులు నేర్చుకుంటారు. న్యాయశాస్త్రం అర దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా, అంతకుముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి ఐపీసీయే వర్తిస్తుంది. వ్యాఖ్యానంతో ఉన్న ప్రతి ఒక్కటైనా ఉంచాలి.

అసలు నష్టం చిన్న పుస్తకాల దగ్గర జరుగుతోంది. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం అచ్చాఫీసుల్లో కొద్ది వందల ప్రతులు వేసిన శతకాలు, ద్రాక్షారామం, పాలకొల్లు క్షేత్రాల స్థలపురాణాలు, గ్రామ చరిత్రలు. అయ్యంకి వెంకట రమణయ్య గారి గ్రంథాలయోద్యమ కాలంలో ఊరూరా వెలిసిన గ్రంథాలయాల వార్షిక నివేదికలు కూడా ఇలాంటివే (ఆయన పుట్టిన కొంకుదురు మన తూర్పు గోదావరిలోదే). నలభై పేజీలుంటాయి, పిన్ను తుప్పు పట్టి ఉంటుంది, కాగితం పెళుసెక్కి ఉంటుంది. ఏరేవాళ్ల చేతికి ముందు తగిలేది అవే. ప్రచురించిన ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలన్న చట్టం 1954 నుంచి ఉన్నా, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నవి అక్కడికి చేరనివి ఎన్నో. శాఖలో ఉన్నదే చివరి ప్రతి కావచ్చు.

దాన్ని కాపాడటానికి డబ్బు అక్కర్లేదు. తొలగింపు జాబితాలో పుస్తకం పేరు, రచయిత, ముద్రణాలయం, ఊరు, సంవత్సరం, ఆక్సెషన్ నంబరు (రిజిస్టరులో ఆ పుస్తకానికి ఇచ్చిన సంఖ్య) రాసి, ముఖపత్రం ఫొటో తీసి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి, మిగతా శాఖలకు వాట్సాప్‌లో పంపాలి. 30 రోజుల గడువు ఇవ్వాలి. ఇంకెక్కడా లేదని తేలితే దాన్ని కట్టలోంచి తీసి కేంద్ర గ్రంథాలయానికి చేర్చాలి. రిజిస్టరులో 'రద్దు' అని కాకుండా ఎక్కడికి పంపారో రాయాలి. లాభాపేక్ష లేని గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచుకోవడానికి డిజిటల్ ప్రతి చేసుకోవచ్చని 2012 సవరణ తర్వాత కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. స్కాను చేశాం కదా అని అచ్చు ప్రతిని పారేయకూడదు. పేజీలు తప్పిపోయిన స్కాన్లు, అంచులు తెగిన స్కాన్లు ఎన్ని చూడలేదు!

చినిగినదాన్ని, తడిసినదాన్ని కూడా పనికిరానిదాని కింద రాసేస్తున్నారు. చినిగిన పేజీకి సెల్లో టేపు వేస్తే కొన్నేళ్లలో జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక దిగుతుంది, ఆ మరక మళ్లీ పోదు. మైదా జిగురు, పల్చని కాగితం చాలు. మరీ పెళుసైనదాన్ని రెండు అట్టల మధ్య పెట్టి నూలు నాడాతో కట్టాలి. వరదకో కారే కప్పుకో తడిస్తే బూజు రెండు రోజుల్లో మొదలవుతుంది, ఆలోగా అన్నీ ఆరబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకు దారి మన ఊళ్లలోనే ఉంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల శీతల గిడ్డంగులున్నాయి. తడిసిన పుస్తకాలను విడివిడిగా పాలిథిన్‌లో చుట్టి మైనస్ 20 డిగ్రీల్లో పెడితే బూజు ఆగిపోతుంది, తర్వాత తీరిగ్గా పదేసి చొప్పున తీసి ఫ్యాను కింద ఆరబెట్టుకోవచ్చు. మెరుపు కాగితం మీద అచ్చయినవి మాత్రం అతుక్కుపోతాయి, వాటి మీద ఆశ వదులుకోవాలి. పురుగు పట్టినవాటిని కూడా రెండు వారాలు అదే చలిలో ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. వానాకాలానికి ముందే ఒక గిడ్డంగితో మాట్లాడి పెట్టుకుంటే ఆ రోజు హైరానా ఉండదు. రోజువారీగా అయితే ర్యాకును గోడకు జానెడు దూరంలో ఉంచడం, కింది అరను నేలకు జానెడు ఎత్తున పెట్టడం చాలా మేలు చేస్తుంది.

నిధులు లేవన్న మాట గురించి కూడా చెప్పాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం. 1,500 రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 120 రూపాయలు. అలాంటి రెండు వేల ఇళ్లున్న ఊరి నుంచి ఏటా 2 లక్షల 40 వేలు. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల ఆ సొమ్ము వేరే ఖర్చుల్లో కలిసిపోయి బకాయిగానే మిగులుతోంది. ఏ ఊరు ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అనే లెక్కను ప్రతి శాఖ నోటీసు బోర్డు మీద పెట్టమని అధికారుల్ని కోరుతున్నాం.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఈలోగా డెల్టాలోని శాఖలన్నిటిలో తూకం అమ్మకాలు ఆపి, ఇప్పటికే కట్టలు కట్టి ఉంచిన పుస్తకాల జాబితాను ముందుగా బయటపెట్టాలి.

ఇట్లు,
కొందరు విశ్రాంత గ్రంథపాలకులు,
పాలకొల్లు