నమ్మనివాళ్ళంతా తెలివి తక్కువవాళ్ళేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

తెలివైనవాళ్ళు ఎదుటి మనుషుల్ని ఎక్కువ నమ్ముతారని రీసెర్చ్‌లో తేలిందంటూ ఈమధ్య మీ పేపర్లో రాశారు. అది చదివి మా కాలేజీ స్టాఫ్ రూంలో ఒకాయన, అందుకే మన ఊళ్ళల్లో ఎవరూ ఎవర్నీ నమ్మరు, చదువుసంధ్యలు లేవుగా అని తేల్చేశారు. నేను డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను, ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

రీసెర్చ్ అబద్ధం అనట్లేదండి. 2014లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఇద్దరు, అమెరికాలో జనం అభిప్రాయాలు అడిగే జనరల్ సోషల్ సర్వే డేటా తీసుకుని చూస్తే చదువు, ఆదాయం లాంటివి పక్కన పెట్టి లెక్కేసినా తెలివికీ నమ్మకానికీ ఉన్న ఆ లింకు నిలిచింది. బ్రిటన్‌లో 1958లో, 1970లో పుట్టినవాళ్ళకి పది పదకొండేళ్ళ వయసులో పెట్టిన తెలివి టెస్టుల మార్కులు తీసి, పెద్దయ్యాక మనుషుల్ని నమ్మొచ్చా అంటే వాళ్ళు చెప్పిన జవాబులతో కలిపి చూసినా అదే కనిపించింది. కానీ అమెరికా సర్వేలో తెలివిని కొలిచింది ముఖ్యంగా పది ఇంగ్లీష్ పదాలకి అర్థాలు అడిగే చిన్న టెస్టుతో. నమ్మకాన్ని కొలిచేది, చాలామందిని నమ్మొచ్చా లేక జాగ్రత్తగా ఉండాలా అనే ప్రశ్నతో. జాగ్రత్తగా ఉండాలి అన్నవాళ్ళు నమ్మకం లేనివాళ్ళ లెక్కలోకి వెళ్ళిపోతారు.

మా పిన్నిని అడిగితే ఆ జవాబే చెప్తుంది. మిషన్ కుట్టి దాచిన డబ్బులు ఒక డిపాజిట్ కంపెనీలో కట్టింది, కట్టించుకున్న ఏజెంటు మా వీధి కుర్రాడే, వాడు కూడా వాళ్ళమ్మ గాజులు అమ్మి అందులోనే కట్టాడు పాపం. కంపెనీ బోర్డు తిప్పేసింది. ఆ బాండు ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో చీరల కింద దాచుకుంది, ఎప్పుడు అర్జీ పెట్టమంటారో అని జిరాక్స్‌లు కూడా తీయించి పెట్టుకుంది. ఇప్పుడు బ్యాంకుకి వెళ్తే పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని అక్కడే నిలబడి ఒక్కో లైను మీద వేలు పెట్టి చూసుకుంటుంది, వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కున్నా కదలదు. ఇందులో తెలివి తక్కువ ఏముంది? నాలాంటి జీతగాడు ఓసారి మోసపోతే నెల రెండు నెలలు ఇబ్బంది పడి తేరుకుంటాడు, ఆవిడకి ఏళ్ళ కష్టం పోయింది. నమ్మడానికి కూడా స్తోమత ఉండాలండి.

అసలు తెలివి అనేది కూడా మనిషికి ఒకే మోతాదులో ఉండేది కాదు. 2013లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక రీసెర్చ్ పేపర్ వచ్చింది, తమిళనాడులో 464 మంది చెరుకు రైతులకి కోత ముందు చేతిలో డబ్బుల్లేనప్పుడు ఒకసారి, కోత అయ్యి డబ్బులొచ్చాక ఒకసారి తెలివి టెస్టు పెట్టారు. అదే మనిషి, కోత ముందు తక్కువ తెచ్చుకున్నాడు, తర్వాత బాగా చేశాడు. అప్పు, వడ్డీ, పిల్లల ఫీజు బుర్రలో తిరుగుతుంటే ఎవరికైనా అంతే కదా. కాబట్టి మార్కులు తక్కువ, నమ్మకం తక్కువ, ఈ రెండూ ఒకే చోట కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణం అనేయక్కర్లేదు, రెండిటికీ చేతిలో డబ్బు లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

ఇక చదువు లేకపోతే నమ్మరు అనేదానికి మన దగ్గరే జవాబుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికి, పెన్షన్లకి వేలిముద్రల స్మార్ట్ కార్డులు పెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఎకనామిస్టులు 157 మండలాల్లో స్టడీ చేశారు. కూలి డబ్బులు త్వరగా అందాయి, మధ్యలో నొక్కేయడం తగ్గింది, పాత పద్ధతి కంటే ఇదే నయమని జనంలో ఎక్కువమంది చెప్పారు. వాళ్ళలో సంతకం రానివాళ్ళు కూడా బోలెడుమంది. వ్యవస్థ నిక్కచ్చిగా పనిచేస్తే దాన్ని నమ్మడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు.

మీకు నా విన్నపం ఒకటి. ఎగ్గొట్టిన కంపెనీల ఆస్తులు జప్తు చేసి స్పెషల్ కోర్టు ద్వారా డిపాజిటర్లకి ఇప్పించడానికి 1999లోనే మన రాష్ట్రంలో చట్టం చేశారు. దాని కింద ఏ జిల్లాలో ఎన్ని కేసులు ఎన్నేళ్ళ నుంచి నడుస్తున్నాయో, జప్తు చేసిన భూముల్లో ఎంత వేలం వేశారో, ఎంతమంది చేతికి డబ్బు అందిందో మీ రిపోర్టర్లని పంపి రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఎకనామిక్స్ లెక్చరర్,
తెనాలి