రోగితోపాటు చీటీ కూడా రైలెక్కాలి

సంపాదకులకు,

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు జబ్బుపడ్డవాళ్లు శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రులకు వెళ్లడం కొత్తేమీ కాదు. భువనేశ్వర్ దూరం, విశాఖ దగ్గర, పైగా భాష మనదే. గుణుపురంలో రైలెక్కితే నౌపడా మీదుగా నేరుగా విశాఖలో దిగొచ్చు. వానాకాలం జ్వరాలు మొదలయ్యేసరికి ‘ఒడిశా రోగుల వల్లే మాకీ జబ్బులు’ అనే మాట అటువైపు వినిపిస్తుంది. అందులో నిజం సగమే. పరీక్ష లేకుండా, మందు సగంలో వదిలేసి బయల్దేరడం వల్లే జబ్బు ఎక్కువగా పాకుతుంది.

మలేరియానే తీసుకోండి. మన కొండల్లో ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం అనే పరాన్నజీవి తెచ్చే రకం. మూడు రోజుల ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మిశ్రమ మందు) మాత్రలతో జ్వరం దిగుతుంది, మనిషి తేరుకుంటాడు. కానీ గామెటోసైట్లు, అంటే దోమకు ఎక్కే దశలో ఉన్న పరాన్నజీవులు, ఆ మాత్రలకు పూర్తిగా చావవు, వారాల తరబడి రక్తంలో ఉండిపోతాయి. వాటిని చంపేది ప్రైమాక్విన్. పెద్దవాళ్లకు రెండో రోజు ఒక్కసారే 45 మిల్లీగ్రాములు, అంటే 7.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు. మొదటి రోజు మందు ఊళ్లో వేసుకుని ఆ రాత్రే ప్రయాణం కట్టినవాళ్లకు సరిగ్గా ఈ ఆరు మాత్రలే తప్పిపోతాయి. ఇక్కడివాళ్లు అక్కడ ఇస్తారనుకుంటారు, అక్కడివాళ్లు ఇక్కడే ఇచ్చి ఉంటారనుకుంటారు.

కొండల్లో ఈ జబ్బును మోసే దోమ సెలయేళ్లలో పెరుగుతుంది. నగరాల్లో మోసేది మేడమీది నీళ్ల ట్యాంకుల్లో పెరుగుతుంది. రోగిని కుట్టిన దోమలో పరాన్నజీవి ఎదగడానికి సుమారు పది రోజులు, అది కుట్టిన మనిషికి జ్వరం రావడానికి మరో పది రోజులు పడుతుంది. ఈలోగా మన రోగి ఇంటికి తిరిగొచ్చేసి ఉంటాడు. అందుకే ఆసుపత్రి వరండాలో పడుకునే తోడువాళ్లు సహా అందరికీ దోమతెర కావాలి. ఓపీలో బంధువుల ఇంటి అడ్రసు రాయించే అలవాటు ఇంకో చిక్కు. మలేరియా సిబ్బంది మందు కొట్టడానికి ఆ వీధికి వెళతారు, జబ్బు పుట్టిన ఊరికి కబురే అందదు. సొంత ఊరి పేరు రాయించండి. డెంగీ విషయంలో దారి తిరగబడుతుంది. నగరంలో అంటించుకుని ఊరికొచ్చినవాళ్లను జ్వరం ఉన్న నాలుగైదు రోజులూ పగలు కూడా తెరలోనే ఉంచాలి, ఎందుకంటే ఆ దోమ కుట్టేది పగలే.

క్షయ పరీక్షకైతే మనిషి వెళ్లనక్కర్లేదు, కళ్లె వెళితే చాలు. నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె కనీసం 2 మిల్లీలీటర్లు ట్యూబులో పట్టాలి. ఉమ్మి పనికిరాదు. మూత బిగించి, జిప్ కవర్లో పెట్టి, ఐస్ జెల్ ప్యాకులున్న పెట్టెలో పంపాలి. మూత వదులైతే దారిలో కారిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఆలస్యమంతా రోగి ఇంట్లోవాళ్ల మధ్య దగ్గుతూనే ఉంటాడు. ల్యాబుకు చేరితే క్షయ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ యంత్రం క్షయ ఉందో లేదో, దానికి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో దాదాపు రెండు గంటల్లో చెప్పేస్తుంది.

మందులకు లొంగే క్షయైతే, చికిత్స మొదలైన రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అత్యవసరం కాని ప్రయాణం అప్పటిదాకా ఆపుకోవచ్చు. తప్పదంటే ఏసీ పెట్టె వద్దు, కిటికీలు తెరిచుండే పెట్టె ఎక్కండి. రోగికి మామూలు సర్జికల్ మాస్కు చాలు, ఎన్95 పక్కన కూర్చునేవాళ్లకు కావాలి. చాలామంది దీన్ని తారుమారు చేస్తారు. కవాటం ఉన్న ఎన్95 రోగికి పెడితే అతని ఊపిరి వడపోత లేకుండానే బయటికొస్తుంది, డబ్బు దండగ. ఆరు నెలల కోర్సు మధ్యలో ఊరు మారేవాళ్లు నిక్షయ్ నంబరు (ప్రభుత్వ క్షయ రిజిస్టరులో రోగికిచ్చే నంబరు) దగ్గరుంచుకోవాలి. అది దేశమంతటా ఒకటే. అది చూపిస్తే మిగిలిన కోర్సు అక్కడే కొనసాగించవచ్చు.

రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను మేం అడిగేది రెండు భాషల్లో అచ్చువేసిన ఒక చీటీ. ఒడియాలో మాత్రమే రాసిస్తే విశాఖలో చదివేవారు దొరకడం కష్టం. పరీక్ష పేరు, తేదీ, మందు, మొదలుపెట్టిన రోజు, ప్రైమాక్విన్ ఇచ్చారా లేదా, సొంత ఊరు, ఫోను, ఇంతే. తేదీ మరీ ముఖ్యం. ఫాల్సిపారం కిట్ పరీక్ష, జబ్బు నయమయ్యాక కూడా వారాల తరబడి పాజిటివే చూపిస్తుంది. చికిత్స ఎప్పుడు జరిగిందో తెలియని డాక్టరు మళ్లీ మొదటినుంచి మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. అలాంటి రోగికి రక్తపూత, అంటే గాజుపలక మీద పూసిన రక్తంలో పరాన్నజీవి ఉందేమో సూక్ష్మదర్శినితో చూడాలి.

చీటీ వచ్చేదాకా మాత్రల ఖాళీ అట్టలైనా పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఏ మందో, ఎన్ని వేశారో వాటిని చూస్తే తెలిసిపోతుంది.

కొందరు ఆరోగ్య కార్యకర్తలు, గుణుపురం, రాయగడ జిల్లా