ఫేయానోర్ పక్షాన నీవు రాసిన ఉత్తరానికి జవాబు

చిరంజీవి అమ్మాయికి అమ్మ దీవెనలు.

'సిల్మరిలియన్' పూర్తిచేశావని, అందులో నీవు సిల్మరిల్ మణులను చేసిన ఎల్ఫ్ జాతి శిల్పి ఫేయానోర్ పక్షమేనని రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. టోల్కీన్ పోయిన నాలుగేళ్లకు, 1977లో, కొడుకు క్రిస్టఫర్ కూర్చి అచ్చువేయించిన ఆ పుస్తకాన్ని నీ వయసులో నేనూ అదే పక్షాన నిలబడి చదివాను. లోకానికి వెలుగిచ్చిన దివ్యవృక్షాలు ఎండిపోయాక, వాటిని బతికించడానికి చెట్టుచేమల దేవత యవన్నా, ఆ వెలుగును దాచుకున్న సిల్మరిల్ మణులను అడిగితే, కొన్ని పనులను చేసినవాడు ఒక్కసారే చేయగలడని, ఆ మణులను పగలగొడితే తన గుండె పగులుతుందని ఫేయానోర్ చెప్పిన జవాబు న్యాయమే అన్నావు. చేతిపని తెలిసినవారెవరికైనా అలాగే తోస్తుంది.

అయితే ఆ తరువాత తెలేరి రాజు ఓల్వె అన్న మాటను గమనించావా? తన తండ్రిని చంపి మణులను ఎత్తుకుపోయిన దుష్టశక్తి మోర్గోత్‌ను వెంటాడడానికి సముద్రం దాటవలసివచ్చి, ఫేయానోర్ సముద్రతీరపు ఎల్ఫ్‌లైన తెలేరి జనాన్ని ఓడలు అడిగాడు. హంసల రూపంలో మలచిన తెల్లని ఓడలవి. ముక్కులు బంగారువి, కళ్లు బంగారంతో, నల్లరాయితో చేసినవి. మీకు మీ మణులెలాగో మాకీ ఓడలు అలాగేనని, ఇటువంటివి మళ్లీ చేయలేమని ఓల్వె ఇవ్వ నిరాకరించాడు. అది అక్షరాలా ఫేయానోర్ మాటే. తన నోటి మాట ఎదుటివాడి నోట వచ్చేసరికి అతని చెవికెక్కలేదు. కత్తులు దూసి, ఓడల వాళ్లను చంపి, వాటిని లాక్కున్నాడు. అవతలి తీరంలో లోస్గార్ దగ్గర వాటికి నిప్పుపెట్టించాడు. వెనుక మిగిలిపోయిన సవతి తమ్ముడు ఫింగోల్ఫిన్‌కు ఆ మంటల ఎరుపు మాత్రమే దూరాన కనిపించింది.

మణులను ఎవరు దక్కించుకున్నా వెంటాడి తీరతానని అతను చేసిన ప్రమాణమే అసలు దోషమని నీవు రాశావు. ప్రమాణాన్ని తండ్రిపోయిన దుఃఖం కింద కొంతవరకు క్షమించగలను గాని, ఒక్కొక్క పలకను అలా అమర్చడానికి ఎంత ఓర్పు కావాలో అందరికన్నా బాగా తెలిసినవాడు దానికి నిప్పుపెట్టించడాన్ని క్షమించలేను. అన్నట్టు, అంతకుముందు రూమిల్ అనే పండితుడు కల్పించిన అక్షరాలను సంస్కరించి అతను తీర్చిన లిపిని అందరూ వాడుకున్నారు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని ఉంగరం మీది రాత కూడా ఆ అక్షరాల్లోనే ఉంది. దానికోసం మాత్రం ఎవరూ ఎవరినీ చంపలేదు.

పెద్దకొడుకు మైద్రోస్‌కు మిగిలిన ఒక్క చేతినీ ఆ మణి కాల్చినచోట ఏడ్చానన్నావు. నాకు కన్నీళ్లు వచ్చింది లోస్గార్ దగ్గరే. ఆ హంసల నల్లని కళ్లు ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంటాయి.

మీ అమ్మ