సరిహద్దు దగ్గర ఆగిపోతున్న డిక్రీలు

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడిలో బాకీ దావా గెలిచినవారికి అసలు కష్టం తీర్పు తర్వాతే మొదలవుతోంది. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో బాకీదారు పొలం ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షన్ ప్రకారం ఒడిశా కోర్టు దాన్ని జప్తు చేయలేదు. డిక్రీని (బాకీ చెల్లించాలన్న కోర్టు ఉత్తర్వును) ఆంధ్ర కోర్టుకు బదిలీ చేయించాలి. డిక్రీ నకలు, ఎంత వసూలైందో ఎంత మిగిలిందో తెలిపే సర్టిఫికెట్, అమలు ఉత్తర్వు నకలు (ఉత్తర్వే లేకుంటే లేదన్న ధ్రువపత్రం) కలిపి పంపాలి. ఒక్క కాగితం తగ్గినా పని ముందుకు సాగదు.

సమన్లదీ ఇంచుమించు ఇదే బాధ. ఒడిశా కోర్టు పంపిన సమన్లపై ఆంధ్రలో తెలుగులో రాసిన బట్వాడా నివేదికకు అదే కోడ్ 28వ సెక్షన్ కింద హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అది రాకపోతే మళ్లీ వాయిదా.

అమలు పిటిషన్‌ను వేసిన నాటి నుంచి ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ బదిలీకి పట్టే కాలం ఆ లెక్కలోకి రాదు. డిక్రీ అమలుకున్న 12 ఏళ్ల గడువేమో బదిలీ కోసం ఆగదు!

రెండు హైకోర్టులూ మాట్లాడుకుని ఈ కాగితాలు కోర్టు నుంచి కోర్టుకు ఆన్‌లైన్‌లో నేరుగా చేరేలా చూడాలి. సరిహద్దు కోర్టుల్లో తెలుగు, ఒడియా రెండూ వచ్చిన అనువాదకులను నియమించాలి.

– కొందరు సివిల్ న్యాయవాదులు, గజపతి జిల్లా, ఒడిశా